మన సమాజం గురించి మనమే రాయడం: అనుభవం నుంచి వ్యాసం దాకా

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరవాత మీరు:
• సంస్కృతికీ సమాజానికీ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• మీకు అనుభవంలో ఉన్న విషయాన్ని వ్యాసానికి పనికివచ్చే ఆధారంగా మార్చుకోగలుగుతారు.
• చూసినది, విన్నది, చదివినది, మీరు అనుకున్నది వేరువేరుగా గుర్తించి రాయగలుగుతారు.
• మీ సొంత వాక్యాల్లో, స్పష్టమైన తెలుగులో అసైన్‌మెంటు రాయగలుగుతారు.

1. ప్రస్తావన

దూరవిద్యలో చదివే మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక పనిలో ఉన్నారు. కొందరు పొలం చేస్తూ, కొందరు దుకాణం నడుపుతూ, కొందరు అంగన్‌వాడీలోనో ఫ్యాక్టరీలోనో పనిచేస్తూ, ఇంకొందరు ఇల్లు, పిల్లలను చూసుకుంటూ చదువుతున్నారు. ఊళ్లో పెళ్లి ఎలా జరుగుతుందో, జాతరలో ఎవరి వంతు ఏమిటో, అప్పు ఎక్కడ పుడుతుందో, ఎవరింట్లో ఎవరు భోజనం చేస్తారో మీకు తెలుసు. సమాజశాస్త్రం చర్చించే విషయాలు ఇవే.

అయినా 'మీ ప్రాంత సంస్కృతిని గురించి వ్యాసం రాయండి' అని అసైన్‌మెంటు ఇస్తే, చాలామంది ముందుగా గైడు తెరుస్తారు. 'మన సంస్కృతి అతి ప్రాచీనమైనది, మహోన్నతమైనది' అన్న వాక్యంతో మొదలుపెట్టి, అదే ధోరణిలో నాలుగు పేజీలు నింపుతారు. అందులో తప్పు వాక్యం ఒక్కటీ ఉండకపోవచ్చు. కాని ఆ నాలుగు పేజీల్లో రాసిన మనిషి ఊరు కనిపించదు. తనకు బాగా తెలిసినది వ్యాసంలోకి రాదు, వ్యాసంలో ఉన్నది తనకు తెలిసినది కాదు.

ఈ దూరాన్ని తగ్గించడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. జీవితంలో తెలిసినదాన్ని యథాతథంగా కాగితం మీద పెడితే అది జ్ఞాపకం అవుతుంది. దాన్ని పరిశీలించి, వేరుచేసి, ఆధారం చూపి రాస్తే విద్యావిషయక రచన అవుతుంది.

2. సంస్కృతి, సమాజం: ఒకదానిలో ఒకటి

ఆంగ్ల మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ 1871లో సంస్కృతికి ఒక నిర్వచనం ఇచ్చాడు. మనిషి సమాజంలో సభ్యుడుగా నేర్చుకున్న జ్ఞానం, విశ్వాసాలు, కళలు, నీతి, చట్టం, ఆచారాలు, అలవాట్లు అన్నీ కలిసినదే సంస్కృతి అని దాని సారాంశం. ఇందులో 'నేర్చుకున్న' అన్న మాట ముఖ్యం. సంస్కృతి పుట్టుకతో రాదు, తోటివారి నుంచి వస్తుంది. కాబట్టి అది మారగలదు కూడా.

సమాజం అంటే మనుషుల మధ్య ఉండే సంబంధాల అల్లిక. కుటుంబం, కులం, వర్గం, లింగభేదం, వృత్తి, అధికారం వంటివన్నీ అందులో భాగాలే.

ఈ రెండింటి సంబంధం తెలియడానికి ఒక విందును తీసుకోండి. విస్తరిలో ఏం వడ్డించారు, ఏ వరుసలో వడ్డించారు, పులిహోర ముందా పప్పు ముందా అన్నవి సంస్కృతికి సంబంధించిన ప్రశ్నలు. మొదటి బంతిలో ఎవరు కూర్చున్నారు, ఆడవాళ్లు ఎప్పుడు తిన్నారు, వండినవారెవరు, విస్తళ్లు ఎత్తినవారెవరు అన్నవి సమాజానికి సంబంధించిన ప్రశ్నలు. విందు ఒకటే, దాన్ని అడిగే ప్రశ్నలు రెండు రకాలు. వంటకాల పట్టిక దగ్గరే ఆగిపోతే వ్యాసం వర్ణనగా మిగిలిపోతుంది. రెండో రకం ప్రశ్నలు కూడా అడిగినప్పుడు విశ్లేషణ మొదలవుతుంది.

3. తెలిసిన విషయం ఆధారంగా ఎలా మారుతుంది?

మామూలు జీవితం నుంచి జ్ఞానాన్ని సేకరించిన తెలుగు గ్రంథాలకు కొదవ లేదు. రెండింటిని చూద్దాం.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలు, వంశావళులు కాకుండా ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏం నమ్మారు అన్నది ఆయన వెతికారు. అందుకోసం కావ్యాలను, సామెతలను, విదేశీ యాత్రికుల రాతలను సాక్ష్యాలుగా వాడుకున్నారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఈ గ్రంథానికే వచ్చింది.

రెండోది భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి వెళ్లి, ఏ వస్తువును ఏ ప్రాంతంలో ఏమంటారో అడిగి నమోదు చేశారు. ఒకచోట నాగలి అన్నది మరోచోట మడక అవుతుంది. రైతు నోటి మాట విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనకు మూలాధారం అయింది.

ఈ రెండు గ్రంథాలూ మనకు చెప్పేది ఒకటే. విషయం మామూలుది కావడం లోపం కాదు. అది ఎక్కడిది, ఎవరు చెప్పారు, ఎలా సేకరించాం అన్నది చెప్పగలగాలి.

ఇందుకు ఒక నోటుబుక్కు పెట్టుకుని, పేజీని నాలుగు గడులుగా విభజించుకోండి.

(అ) చూసినది: నేను స్వయంగా ఎక్కడ, ఎప్పుడు, ఏం చూశాను?
(ఆ) విన్నది: ఎవరు చెప్పారు? వారికి ఎలా తెలుసు?
(ఇ) చదివినది: ఏ పుస్తకంలో, ఏ పేజీలో?
(ఈ) అనుకున్నది: దీన్నిబట్టి నాకు ఏమనిపిస్తోంది?

మొదట్లో చాలా విషయాలు నాలుగో గడిలోనే పడతాయి. 'మా ఊళ్లో అందరూ ఇలాగే చేస్తారు' అన్నది మనం చూసినదిగా అనిపిస్తుంది. ఎన్ని ఇళ్లలో చూశాం అని లెక్కపెట్టుకుంటే, అది అనుకున్నదే అని తేలుతుంది. ఈ గుర్తింపే విద్యావిషయక రచనలో మొదటి మెట్టు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
మీ ఇంట్లో పాటించే ఏదైనా ఒక ఆచారాన్ని తీసుకుని పై నాలుగు గడుల్లో రెండేసి వాక్యాలు రాయండి.

4. ఒక ఉదాహరణ: బతుకమ్మ మీద వ్యాసం

తెలంగాణకు చెందిన ఒక విద్యార్థిని బతుకమ్మ పండుగ గురించి అసైన్‌మెంటు రాస్తోందని అనుకుందాం. కింది రెండు పేరాలు ఈ పాఠం కోసం మాదిరిగా తయారుచేసినవి.

మొదటి ప్రతి: 'బతుకమ్మ తెలంగాణ ప్రజల ఆత్మగౌరవ ప్రతీక. ఈ పండుగలో కులమత భేదాలు లేకుండా, పేద ధనిక తారతమ్యం లేకుండా స్త్రీలందరూ కలిసిమెలిసి ఆడిపాడతారు. ఇది మన ఐకమత్యానికి నిదర్శనం.'

ఈ పేరా చక్కగా ఉంది. కాని దీన్ని ఏ ఊరి విద్యార్థి అయినా ఏ సంవత్సరమైనా రాయవచ్చు. ఇప్పుడు దీన్ని ప్రశ్నిద్దాం. 'స్త్రీలందరూ' అంటే ఎవరెవరు? అన్ని వాడల బతుకమ్మలూ ఒకేచోట పెడతారా? పూలు ఎవరు కోసుకొస్తారు? భర్త లేని స్త్రీలు ఆడతారా? పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చాక ఇంటి పని ఎవరి మీద పడుతుంది? 'భేదాలు లేకుండా' అన్నది ఆమె చూసినదా, గైడులో చదివినదా?

ఈ ప్రశ్నలతో ఆమె తల్లినీ, మరో వాడలోని ఇద్దరు స్త్రీలనూ అడిగి తెలుసుకుని మళ్లీ రాసిందనుకోండి.

రెండో ప్రతి: 'భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, మా ఊళ్లో తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. తంగేడు, గునుగు పూలు చెలకల నుంచి, చెరువు గట్టు నుంచి తెస్తారు. మా అమ్మ చిన్నతనంలో రెండు వాడల బతుకమ్మలను వేరువేరు చోట్ల పెట్టి ఆడేవారని ఆమె చెప్పింది. గత ఏడాది నేను చూసినప్పుడు సద్దుల రోజున ఒకే మైదానంలో ఆడారు, కాని రెండు వలయాలుగా ఆడారు. చెరువు దగ్గర మాత్రం అందరూ కలిశారు. కాబట్టి మా ఊళ్లో ఈ పండుగ స్త్రీలను ఒకచోటికి చేరుస్తున్నది, అయితే పాత దూరాలు పూర్తిగా పోలేదు అని చెప్పవచ్చు. ఇది ఒక ఊరి పరిశీలన మాత్రమే.'

రెండు ప్రతుల తేడా గమనించండి. రెండో దానిలో పొగడ్త లేదు, అయినా పండుగ మీద గౌరవం తగ్గలేదు. సమయం, స్థలం, చెప్పినవారు, చూసినవారు స్పష్టంగా ఉన్నారు. చివరి వాక్యం పరిమితిని చెబుతోంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరవాత ఊళ్లలో ఏం మారింది అన్న ప్రశ్నకు ఈ పేరా దారి తీస్తుంది. మొదటి పేరా నుంచి ఏ ప్రశ్నా పుట్టదు.

ఇక్కడ మనకు జంకు కలగడం సహజం. 'ఊరి పరువు తీస్తున్నానా?' అనిపిస్తుంది. సమాజాన్ని గురించి ఉన్నది ఉన్నట్టు రాయడం నింద కాదు. 'అందరూ కలిసిమెలిసి' అని రాసినప్పుడు రెండో వలయంలో ఆడిన స్త్రీల అనుభవం కాగితం మీదికి రాకుండాపోతుంది. వారికి న్యాయం చేయాలన్నా, ఊళ్లో వచ్చిన మంచి మార్పును చూపాలన్నా, ఆ రెండు వలయాలను రాయక తప్పదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మీకు వివరాలు చెప్పినవారి అనుమతి తీసుకోండి. వారికి ఇబ్బంది కలిగే విషయమైతే పేర్లు రాయవద్దు. 'అరవై ఏళ్లు దాటిన ఒక రైతుకూలీ' అంటే సరిపోతుంది.

5. రాసే మనిషి ఎక్కడ నిలబడ్డాడు?

ఒకే ఊరు అందరికీ ఒకేలా కనిపించదు. ఎస్.సి. దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ హైదరాబాదుకు సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి, 1955లో 'ఇండియన్ విలేజ్' అన్న గ్రంథం ప్రచురించారు. ఆయన ఆ ఊరికి బయటి మనిషి. బయటివారికి ప్రతిదీ కొత్తగా కనిపిస్తుంది కాబట్టి, ఊరివారు పట్టించుకోని విషయాన్ని కూడా అడుగుతారు. కాని ఊరివారికి తెలిసిన లోగుట్టు వారికి సులభంగా అందదు. మన ఊరి గురించి మనం రాసేటప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. లోగుట్టు తెలుసు, కాని అలవాటైపోయినది కంటికి ఆనదు.

ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతంలో రాంపుర అని పేరుపెట్టి రాసిన గ్రామంలో 1948లో ఉండి పరిశోధించారు. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోయింది. ఎక్కువగా జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన రాసిన 'ది రిమెంబర్డ్ విలేజ్' 1976లో వచ్చింది. తాను బ్రాహ్మణుడు కావడం, గ్రామపెద్దకు చెందిన ఇంట్లో బస చేయడం వల్ల ఎవరితో కలవగలిగాడో, ఎవరికి దగ్గర కాలేకపోయాడో ఆయన ఆ గ్రంథంలో దాచకుండా చెప్పారు. అలా చెప్పడం వల్ల పుస్తకం విలువ తగ్గలేదు. ఏ విషయాన్ని ఎంతవరకు నమ్మాలో పాఠకుడికి తెలిసింది.

మీరూ వ్యాసం మొదట్లో రెండు వాక్యాల్లో ఈ సంగతి చెప్పండి. మీరు ఆ సమూహానికి చెందినవారా, కాదా? స్త్రీగా లేదా పురుషుడిగా మీరు ఎక్కడికి వెళ్లగలిగారు, ఎక్కడికి వెళ్లలేకపోయారు? ఇంతే చాలు. వ్యాసమంతా మీ ఆత్మకథ కానక్కరలేదు.

6. ఏ తెలుగులో రాయాలి?

గొప్ప మాటలు వాడితేనే మార్కులు పడతాయన్న భయం కొత్తది కాదు. విద్యార్థులు పరీక్షల్లో గ్రాంథికంలోనే రాయాలా, శిష్ట వ్యావహారికంలో రాయవచ్చా అన్న వివాదం 1910 తరవాత మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో తీవ్రంగా నడిచింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి వ్యావహారికం పక్షాన నిలిచారు. గురజాడ అప్పారావు 1914లో అదే పక్షాన విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గ్రాంథికాన్ని సమర్థించారు. ఈ రోజు మీరు ఈ పాఠాన్ని ఈ భాషలో చదువుతున్నారంటే, పరీక్షలో ఇదే భాషలో జవాబు రాస్తున్నారంటే, ఆ వాదన చివరికి ఎటు తేలిందో తెలుస్తుంది. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

వ్యావహారికం అంటే నోటికి వచ్చినట్టు రాయడం కాదు. మూడు సూత్రాలు గుర్తుంచుకోండి. ఒకటి, మీ ప్రాంతపు మాట వాడినప్పుడు మొదటిసారి దాని అర్థం చెప్పండి. రెండు, పారిభాషిక పదాన్ని ఒక అర్థంలోనే వాడండి. ఒక పేజీలో 'వర్గం' అని, మరో పేజీలో దాన్నే 'కులం' అన్న అర్థంలో వాడితే వాదన కూలిపోతుంది. మూడు, 'మహోన్నతం', 'అనాదిగా', 'అద్వితీయం' వంటి మాటలు వచ్చినచోట ఆగి, వాటిని తీసేస్తే వాక్యంలో ఏం మిగులుతుందో చూడండి.

7. అరువు వాక్యాలు

ఇతరుల ఆలోచన వాడుకోవడం తప్పు కాదు. ఎవరిదో చెప్పకుండా వాడుకోవడం తప్పు. 'దూబే ప్రకారం' అని రాసి, ఆయన భావాన్ని మీ మాటల్లో చెప్పి, పుస్తకం పేరు, పేజీ ఇవ్వండి. గైడులోని పేరాను ఎత్తి రాస్తే మార్కులు పోవడం ఒక నష్టం. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ పేరాలో మీ ఊరు లేదు, దాన్ని మీరు తప్ప మరొకరు రాయలేరు.

సారాంశం

సంస్కృతి నేర్చుకున్నది, సమాజం సంబంధాల అల్లిక. ఒకదాన్ని రెండోదానితో కలిపి ప్రశ్నించినప్పుడు విశ్లేషణ పుడుతుంది. చూసినది, విన్నది, చదివినది, అనుకున్నది వేరుచేస్తే అనుభవం ఆధారం అవుతుంది. రాసేవారు తాము నిలబడిన చోటును, తమ పరిశీలన పరిమితిని చెప్పాలి. భాష స్పష్టంగా, వాక్యం సొంతంగా ఉండాలి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. సంస్కృతికీ సమాజానికీ గల సంబంధాన్ని ఒక విందు లేదా జాతర ఉదాహరణగా వివరించండి.
2. సొంత ఊరివారు, బయటివారు చేసే అధ్యయనాల్లో ఉండే అనుకూలతలు, పరిమితులు ఏవి?

II. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. మీ ప్రాంతంలోని ఒక పండుగను లేదా వృత్తిని ఎంచుకుని, కనీసం ఇద్దరిని అడిగి, నాలుగు గడుల పద్ధతిలో వివరాలు సేకరించి వ్యాసం రాయండి. మొదట్లో మీ స్థానాన్ని, చివర్లో మీ పరిశీలన పరిమితిని తెలపండి.