పాటకూ మచ్చు చూపాలి

గుంటూరు మిర్చి యార్డులో కాయను చేతిలోకి తీసుకుని, రంగు చూసి, విరిచి, తేమ ఎంతుందో తడిమి గానీ ఎవరూ ధర కట్టరు. కారం కావలసినవాడు తేజ అడుగుతాడు, రంగు కావలసినవాడు బాడిగ అడుగుతాడు. పాటల దగ్గరికొచ్చేసరికి మనకు ఈ ఇంగితం ఉండదు. సినిమా పాటలు వినేవాడు కనబడితే చాలు, త్యాగరాజ కృతులు విను, బుర్రకథలు విను, పద్యనాటకాలు విను అని బస్తాలకు బస్తాలు నెత్తికెత్తుతాం. పాపం, రెండు నిమిషాలు విని కట్టేస్తాడు. అతనికి అభిరుచి లేదని మనం తేల్చేస్తాం. అసలు లోపం ఇచ్చిన తీరులో ఉంది. ఎదుటివాడికి ఇప్పటికే ఇష్టమైన పాట ఏదో కనుక్కుని, అక్కడి నుంచి ఒక్క అడుగు అవతల ఉన్న పాటను మచ్చుగా ఇస్తే, కొత్త సంగీతంలోకి అతనే నడిచి వస్తాడు.

ఎస్. జానకి అభిమానినే తీసుకోండి. రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో 1938లో పుట్టిన ఆమె గొంతంటే ప్రాణం పెట్టేవారిలో చాలామందికి నాదస్వరం పెళ్లిపందిట్లో మాటలు వినపడనివ్వని మోత మాత్రమే. వారికి 1962 నాటి ‘మురిపించే మువ్వలు’లో నాదస్వరంతో పోటీపడి జానకి పాడిన పాట వినిపించాలి. వాయించినవారు కారుకురిచ్చి అరుణాచలం. స్వరాలు పరుగందుకునే చోట ఒక్కసారి చెవి ఒగ్గమనాలి. గొంతు ఒక వరస విసిరితే నాదస్వరం అందుకుంటుంది, నాదస్వరం మెలిక వేస్తే గొంతు అదే మెలిక తిరుగుతుంది. కాసేపటికి ఏది ఊపిరో ఏది ఊదుడో తేల్చుకోలేం. ఇక రెండో అడుగు ఒంగోలు పక్కనున్న కరవదికి. అక్కడ పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ ఒంటబట్టించుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అయ్యారు. ఆయన కచేరీని మొదటే ఇస్తే వినని మనిషి, జానకి వెంట వస్తే కూర్చుని వింటాడు.

పాత హిందీ పాటల ప్రియుడికి దారి ఇంకా దగ్గర. 1960లో వచ్చిన ‘బంబై కా బాబు’లో ఎస్.డి. బర్మన్ కట్టిన ఒక హుషారు పాట వరస, అంతకు ఐదేళ్ల ముందే ‘రోజులు మారాయి’లో మాస్టర్ వేణు చేసినది. జిక్కి పాడగా తెరమీద వహీదా రెహమాన్ ఆడిన ఆ ఏరువాక పాట రాసింది బాపట్ల దగ్గరి అప్పికట్లకు చెందిన కొసరాజు రాఘవయ్య చౌదరి. మన దుక్కి చేలల్లో పుట్టిన పలుకు బొంబాయిలో పోలికలు మార్చుకుందని తెలిస్తే ఎవరికైనా అసలుది వినాలనిపిస్తుంది. కొసరాజు పల్లె నుడికారానికి అలవాటుపడిన చెవికి పొన్నెకల్లు నాజర్ బుర్రకథ ఎంతమాత్రం పరాయిది కాదు. భుజాన తంబుర, బొటనవేలికి అందె, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. వారిలో ఒకరు నవ్విస్తారు, ఇంకొకరు ఆనాటి కథను ఈనాటి రాజకీయానికి ముడిపెడతారు. 1986లో పద్మశ్రీ అందుకున్న నాజర్ ‘పల్నాటి యుద్ధం’ వినడానికి పండితుడు కానక్కరలేదు.

ఈ దారులు కొత్తగా వేసినవి కావు, గుంటూరు సీమ పాటలు ఎప్పటి నుంచో ఇలాగే నడుస్తున్నాయి. జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ పుస్తకంలో పద్యంగా ఉండి, ఘంటసాల రికార్డుతో పద్యం ముఖం చూడని ఇళ్లకూ చేరింది. వినుకొండ జాషువ శ్మశానం మీద రాసిన పద్యాలను నటులు బలిజేపల్లి ‘హరిశ్చంద్ర’ నాటకంలోని కాటిసీనులోకి తెచ్చుకున్నారు. తెల్లవార్లూ మేలుకుని వాటికి వన్స్‌మోర్ కొట్టిన రైతుకు ఖండకావ్యమంటే ఏమిటో తెలియకపోవచ్చు, చావు ముందు అందరూ సమానమన్న జాషువ మాట మాత్రం గుండెకు తగిలింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, కీర్తనల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. ఆదివారం చర్చిలో పాడేవారికి కచేరీ రాగం పేరు చెబితే ఉలిక్కిపడరు.

ఇలా అన్నీ కలిపేస్తే ఒక్కోదానికున్న సొంత వ్యాకరణం ఏం కావాలని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1954 నాటి ‘అగ్గిరాముడు’లో నాజర్ చెప్పిన బుర్రకథ తెరకు సరిపడా కుదించినది. రాత్రంతా సాగే కథలోని నిదానం అందులో దొరకదు. అందుకే మచ్చు దగ్గరే ఆగిపోకూడదు, అడుగు పడ్డాక బస్తా విప్పించాలి. ఫోనే పాటలు చెబుతుంటే మధ్యలో మనమెందుకని మరో మాట. ఫోను ఎక్కువగా మనం విన్నదాన్ని పోలినదాన్నే తెచ్చిపెడుతుంది. జానకి విన్నవారికి మరో జానకి పాట ఇస్తుంది. పల్లపట్ల నుంచి కరవదికి దారి ఉందని, ఆ పాటలో ఫలానా చోట చెవి పెట్టమని చెప్పడానికి పక్కన ఒక మనిషే ఉండాలి. ఇక లోకో భిన్నరుచిః అనేవారితో పేచీ లేదు. రుచులు వేరు కాబట్టే బేరం ఎదుటివాడి రుచి దగ్గర మొదలవ్వాలి.

కాబట్టి స్నేహితుడికి యాభై పాటల జాబితా పంపకండి. ఒక్క పాట ఇచ్చి, అందులో ఎక్కడ చెవి పెట్టాలో ఒక్క మాట చెప్పండి. ఇచ్చి ఊరుకోకుండా అతని దగ్గరున్న మచ్చూ అడగండి, మీరు అడుగుపెట్టని వీధులు అతనికీ కొన్ని తెలిసే ఉంటాయి.