బ్యాటరీ బండి

పిల్లలూ! విద్యుత్తుతో నడిచే మోటారు సైకిలును చూచారా? దానికి పెట్రోలు అక్కరలేదు. పొగ రాదు. బ్యాటరీయే దానికి ప్రాణం.

మీ తాతముత్తాతలు చెరకు తోటల్లో పనిచేసిన మారిషస్, ఫిజీ దీవులలో చలి తక్కువ. మీరు ఉంటున్న ఏజాక్స్ కెనడాలో, అంటారియో సరస్సు ఒడ్డున ఉన్నది. ఇక్కడ జనవరిలో నీరు గడ్డకడుతుంది. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. బండి ఎక్కువ దూరం పోలేదు.

0 డిగ్రీల కంటె చల్లబడిన లిథియం బ్యాటరీని ఛార్జి చేయరాదు. చేస్తే లోపల లిథియం లోహం పొరగా పేరుకొంటుంది. ఆ నష్టం మళ్ళీ తీరదు.

మరి ఏమి చేయాలి? చలికాలంలో బండిని మంచు తగలని చోట ఉంచాలి. బ్యాటరీని సుమారు సగం నింపి ఉంచాలి. పూర్తిగా ఖాళీ కానీయరాదు. అది వెచ్చబడిన తరువాతనే ఛార్జి చేయాలి.

మీ ఇంట ఇలాంటి బండి ఉంటే, ఈ సంగతి పెద్దలకు గుర్తు చేయండి.