వెండి తరువాత బంగారం

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున మన మాణికేశ్వర్ నగర్ గల్లీలలో కొన్ని ఇళ్లు సందడిగా ఉంటాయి. కొన్ని ఇళ్లలో మాట వినిపించదు. మార్కులు తగ్గిన పిల్లవాడు కంచం ముందు తల వంచుకుని కూర్చుంటాడు. ఆ పూట వాడితో ఏమి మాట్లాడాలో పెద్దలమైన మనకే తోచదు. అటువంటి పూట చెప్పుకోదగిన జీవితమొకటి మనకు దగ్గరలోనే మొదలయింది.

తార్నాక నుండి లాలాగూడ వైపు వెళ్లే దారిలో రైల్వే వారి సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణా సంస్థ ఉన్నది. పి.వి. సింధు బాడ్మింటన్‌లో ఓనమాలు దిద్దుకున్నది అక్కడి కోర్టులలోనే, మహబూబ్ అలీ గారి వద్ద. 1995 జులై 5న పుట్టిన ఆమె తల్లిదండ్రులు రమణ, విజయ గార్లు ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. అయినా 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచిన పుల్లెల గోపీచంద్‌ను చూచి ఆ చిన్నారి రాకెట్టు పట్టింది. తరువాత ఆయన అకాడమీలోనే చేరింది. శిక్షణ కొరకు రోజూ సుమారు 56 కిలోమీటర్లు ప్రయాణం చేయవలసి వచ్చినా వేళ తప్పేది కాదు.

2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడింది. గెలిచిన మారిన్ కోర్టుపై పడి ఏడుస్తుంటే, ఓడిన సింధు వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకున్నది. క్రింద పడి ఉన్న ఆమె రాకెట్టును కూడ తీసిపెట్టింది. ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఇంటికి తిరిగివచ్చింది.

ఆ తరువాతి రోజులు సులభమైనవి కావు. 2017 ప్రపంచ పోటీల ఫైనల్లో 110 నిమిషాలు పోరాడి జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహర చేతిలో ఓడింది. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ప్రపంచ పోటీలు, ఆసియా క్రీడలు, మూడింటి ఫైనల్స్‌లోను ఓటమే. ఫైనల్ అంటే ఈ అమ్మాయికి భయమని చాలామంది అన్నారు. ఆమె మాత్రం సాధన మానలేదు. ఆ ఏడాది చివర వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది. 2019 ఆగస్టు 25న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అదే ఒకుహరపై 21-7, 21-7తో నెగ్గి, భారతదేశపు తొలి ప్రపంచ బాడ్మింటన్ ఛాంపియన్ అయింది. ఆ రోజు తల్లి పుట్టినరోజు. విజయాన్ని అమ్మకే అంకితమిచ్చింది.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2024లో పారిస్ నుండి పతకం లేకుండానే తిరిగివచ్చింది. గెలుపు, ఓటమి రెండూ ఆమె వెంట నడుస్తూనే వచ్చాయి.

బాసెల్ బంగారాన్ని మనమందరం పండుగ చేసుకున్నాము. అయితే అంతకు ముందటి ఓటములలో ఆ ఇల్లు ఆమెను విడువలేదు. మన పిల్లలందరూ ఛాంపియన్లు కాకపోవచ్చు. ఓడి ఇంటికి వచ్చిన బిడ్డను ప్రక్కింటి పిల్లలతో పోల్చకుండ, ముందు అన్నం పెట్టి, "ఎక్కడ కష్టమయింది నాన్నా?" అని అడగడం మాత్రం మనందరి చేతిలోను ఉన్నది.