చెంబు... చేట... ఎంత చమత్కారం!

'పాత ఇత్తడి సామాన్లకు స్టీలు సామాన్లిస్తాం...' మదనపల్లె వీధుల్లో ఈ కేక వినపడిందంటే అటకల మీద కదలిక మొదలైనట్టే. చిలుము పట్టిన చెంబు, చొట్టలు పడిన బిందె, అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గంగాళం... ఒక్కొక్కటే దుమ్ము దులుపుకొని గడప దాటతాయి. తక్కెడలో పడతాయి. ఎన్ని కిలోలు? అదొక్కటే లెక్క. వాటి బదులు తళతళలాడే స్టీలు డబ్బాలు ఇంట్లోకొస్తాయి. బేరం బాగానే ఉందనిపిస్తుంది.

అలాంటి చెంబును చూసే అమెరికా నుంచి వచ్చిన ఓ జంట మనసు పారేసుకుంది. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ ఆ రోజుల్లో పేరుమోసిన డిజైనర్లు. వాళ్లు చేసిన కుర్చీలకు ప్రపంచమంతా గిరాకీ. భారత ప్రభుత్వం పిలిస్తే ఆ దంపతులు దేశమంతా తిరిగి 1958లో ఓ నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థకు పునాది అదే. ఆ నివేదికలో గుళ్లకూ గోపురాలకూ దక్కని కితాబు చెంబుకు దక్కింది. ఇక్కడ చూసిన వస్తువులన్నింటిలోకీ గొప్పదీ, అందమైనదీ బహుశా ఇదేనని రాశారు వాళ్లు. దాన్ని తయారుచేయాలంటే ఎన్ని ఆలోచించాలో ఓ పెద్ద జాబితా కూడా ఇచ్చారు. ఎన్ని నీళ్లు పట్టాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగుతుంది, ఖాళీగా ఉంటే ఎటు తూగుతుంది, దేనికైనా తగిలితే ఎలా మోగుతుంది, చివరికి పాతబడ్డాక అమ్మితే ఎంతొస్తుంది... ఇలా. అంటే మన తక్కెడ లెక్క కూడా అందులో ఉంది. కాకపోతే అది చాలా లెక్కల్లో ఒకటి!

నమ్మకం కుదరకపోతే ఓ చెంబును చేతిలోకి తీసుకోండి. మెడ సన్నం కాబట్టి వేళ్లు దాని చుట్టూ సులువుగా ఒదుగుతాయి. పైన అంచు బయటికి వంగి ఉంటుంది కాబట్టి తడి చేత్తో పట్టుకున్నా జారదు. బావిలో నీళ్లు తోడాలంటే ఆ మెడకే తాడు ఉచ్చు బిగుస్తుంది. వేరే కొక్కెం అక్కర్లేదు. పొట్ట గుండ్రం, మెడ ఇరుకు... అందుకే నడుస్తుంటే నీళ్లు తొణకవు. అలాగని మూతి మరీ చిన్నది కాదు. లోపలికి చెయ్యి దూర్చి చింతపండుతో శుభ్రంగా తోమొచ్చు. ఇన్ని అవసరాలు తీర్చే ఆకారాన్ని ఏ ఒక్క మనిషీ ఒక్కరోజులో గీసి ఉండడు. తరాల తరబడి ఎన్నో చేతులు వాడుతూ, సరిదిద్దుతూ వస్తే ఇలా తేలింది. ఈమ్స్ దంపతులు అబ్బురపడిందీ దానికే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... సంగటి ముద్ద తిని పెరిగిన ఈ పడమటి ఊళ్ల వంటిళ్లలో ఇలాంటివి ఇంకా చాలానే ఉన్నాయి. మదనపల్లె అంటే టమోటా. బాగా పండిన టమోటాను మొద్దు చాకుతో కోస్తే ఏమవుతుంది? తోలు తెగేలోపే రసం కారిపోతుంది. కత్తిపీట ముందు కూర్చుంటే ఆ బాధ లేదు. అక్కడ కదిలేది కత్తి కాదు, కాయ. వంపు తిరిగిన అంచు మీద నొక్కే పనిలేకుండా జారుతూనే తెగుతుంది. పీటను కాలితో తొక్కిపడితే చేతులు రెండూ ఖాళీ.

తిప్పితే వెన్న

పుంగనూరు పేరు చెబితే పొట్టి ఆవులు గుర్తొస్తాయి. ఎత్తు అటూఇటుగా 3 అడుగులు. ఆకారం చిన్నదే అయినా చిక్కటి పాలకు పెట్టింది పేరు. పాలు చిక్కనైతే మీగడ, మీగడ ఉంటే కవ్వం. నిలువుగా నిలబెట్టిన కవ్వాన్ని గుంజకు వదులుగా కట్టి, దాని చుట్టూ తాడు తిప్పి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుంటారు. కుడిచేత్తో లాగితే ఓ వైపు తిరుగుతుంది. ఎడమచేత్తో లాగితే రెండోవైపు. ముందుకూ వెనక్కూ లాగే చేతుల కదలిక కాస్తా గిరగిరా తిరిగే కదలికగా మారిపోతుంది, చక్రం లేదు, పళ్లు లేవు, ఒక్క తాడు.

ఇందులో ఇంకో కిటుకుంది. ఒకేవైపు తిప్పుతూ పోతే పెరుగు కూడా కవ్వంతో పాటే సుడి తిరుగుతుంది. చిలికినట్టే కాదు. దిక్కు మారినప్పుడల్లా ఆ సుడి విరుగుతుంది, కవ్వం పళ్లు పెరుగును చీలుస్తాయి. వెన్న తేలుతుంది. వాషింగ్ మెషీన్ కాసేపు ఇటూ కాసేపు అటూ తిరగడంలోనూ దాదాపు ఇదే యుక్తి. మిక్సీలో వేస్తే మాత్రం వెన్న రాదా అంటారా? ఎందుకు రాదూ, వస్తుంది. కాకపోతే కుండెడు పెరుగు దాని జార్లో పట్టొద్దూ!

రాయికి కక్కు

అన్నింటికంటే బరువైన తెలివి తిరగలిది. ఈ పక్క వాడుకలో ఇసుర్రాయి. రాగిగింజ ఆవగింజకు అన్న. దాని పైపొర లోపలి పిండిని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. వడ్ల పొట్టు తీసినట్టు తీయడం కుదరదు. అందుకే గింజను గింజగా పిండి చేయాల్సిందే. కింద ఓ రాయి, నడుమ ఇనుప మేకు. పైన ఇంకో రాయి, మధ్యలో కన్ను, అంచున నిలువు పిడి. పిడి అంచున ఎందుకుంటుందంటే, నడిమికి దూరమయ్యేకొద్దీ తిప్పడం సులువు. పైరాయి బరువు కూడా శత్రువు కాదు. ఒకసారి కదిలిందంటే ఆ ఊపే సగం పని చేసిపెడుతుంది. కన్నులో కాసిని గింజలు పోస్తే మెత్తటి పిండి, ఎక్కువ పోస్తే బరక. మీట లేదు, నాబు లేదు, పోసే చేతి పిడికిలే కొలత.

విసిరీ విసిరీ రాయి నున్నబడితే గింజ నలగదు, జారుతుంది. అప్పుడు ఉలితో గంట్లు పెట్టించాలి. దానినే కక్కు కొట్టడమంటారు. వీధుల్లో కేకేసుకుంటూ వచ్చి ఆ పని చేసిపెట్టేవాళ్లుండేవారు. పిల్లలు చుట్టూ మూగి రాతిపొడి కళ్లల్లో పడుతుందని తిట్లు తినేవారు.

అలాగని తెల్లవారక ముందే లేచి కుంచాల కొద్దీ విసిరిన ఆడవాళ్ల భుజాలు ఆ తిరగలిని తల్చుకుని మురిసిపోతాయని చెప్పలేం. పిండిమర వచ్చిన రోజున వాళ్లే ముందు ఊపిరి పీల్చుకున్నారు. ఆ అలుపు పోవడం మంచిదే. పోగొట్టుకోకూడనిది ఆ ఆకారంలో ఉన్న ఆలోచన. రుబ్బురోలు దాన్ని పోగొట్టుకోలేదు. చేత్తో రుబ్బినప్పుడు రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. కరెంటు గ్రైండర్లో పొత్రాన్ని ఒకచోట ఆపి, అడుగున రాయి ఉన్న గిన్నెనే తిప్పారు. పాత తెలివినే తిరగేశారన్నమాట! తిరగలికి ఆ అదృష్టం పట్టలేదు. చాలా ఇళ్లలో అది పెరట్లో బట్టలుతికే బండయింది. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ ఇప్పుడు వంటింట్లోకి గట్టు బండగా వస్తోంది. ఒకప్పుడు గరుకు కావాలని కక్కు కొట్టించిన చోటే ఇప్పుడు నునుపు కోసం పాలిష్‌కు డబ్బులిస్తున్నారు.

కుప్పంలో ఇంకో ముచ్చట ఉంది. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలిసే ఊరు కదా, ఇక్కడ సంగటి తమిళంలో కళి, కన్నడంలో ముద్దె. చేట తమిళంలో ముఱం, కన్నడంలో మొర. పేర్లు వేరైనా వస్తువులో తేడా లేదు. మూడువైపులా గోడ, ముందు వెడల్పుగా తెరిచిన మూతి. చెరిగేటప్పుడు గింజలు పైకెగిరి పడుతుంటే చేట కదలికే గాలి పుట్టిస్తుంది. పొట్టు తేలిక కాబట్టి ముందు అంచు దాటి ఎగిరిపోతుంది. గింజ బరువు కాబట్టి వెనక్కి చేరుతుంది. అడ్డంగా ఊపుతూ నేమితే రాళ్లు వేరవుతాయి. కొత్త చేటకు పేడో, మెంతిపిండి ముద్దో పూస్తే అల్లికలో సందులు పూడతాయి, వెదురు బద్ద నాలుగు కాలాలు మన్నుతుంది. సంబరపడిన ముఖాన్ని చేటతో పోల్చడం తెలుగువాళ్లకు ఊరికే అలవాటు కాలేదు.

మేదర్లు అల్లిన వెదురు చేట పక్కనే ఇప్పుడు ఎర్రటి ప్లాస్టిక్ చేట వేలాడుతోంది. ధర తక్కువ, తడిస్తే పాడవదు. పేడ పూయక్కర్లేదు. చేట అనండి, మొర అనండి, ముఱం అనండి... మూడువైపులా గోడ, ముందు వెడల్పాటి మూతి. ఆ కొలతలో మాత్రం ప్లాస్టిక్ కంపెనీవాళ్లు కూడా చెయ్యి పెట్టలేదు.