కార్ హీటర్ వేసినా చల్లగాలే వస్తోందా? ముందు ఆ ముల్లు చూడండి!

తెల్లవారుజామున లంబసింగి బయల్దేరారు. హీటర్ వేస్తే చల్లగాలే! ఎందుకిలా?

పెట్రోల్, డీజిల్ కార్లలో హీటర్‌కు వేడి ఇంజిన్ నుంచే వస్తుంది. దాన్ని మోసుకొచ్చేది కూలెంట్. అందుకే స్టార్ట్ చేయగానే వేడిగాలి రాదు, కొన్ని నిమిషాలు ఆగాల్సిందే.

అప్పటికీ రాకపోతే టెంపరేచర్ ముల్లు చూడండి. ఎంతసేపు నడిపినా 'సి' దగ్గరే ఉంటే థర్మోస్టాట్ మీద అనుమానపడాలి. పెద్ద ఖర్చేం కాదు. ముల్లు 'హెచ్' వైపు వెళ్తున్నా గాలి చల్లగానే ఉంటే మాత్రం డేంజర్! కూలెంట్ బాగా తగ్గిపోయి ఉండొచ్చు. అలాగే నడిపితే ఇంజిన్‌కే ఎసరు. వెంటనే బండి పక్కకు ఆపేయండి. కంగారులో రేడియేటర్ మూత తీశారో, మరిగే కూలెంట్ ముఖం మీదకు చిమ్ముతుంది. పూర్తిగా చల్లారాకే కూలెంట్ డబ్బా మీద గీతలు చూడండి. మిన్ కంటే కిందుంటే లీకేజీ ఉండొచ్చు.

కూలెంట్ సరిపడా ఉండి, ముల్లు మధ్యలోనే ఉందా? హీటర్ కోర్ పూడుకుపోయి ఉండొచ్చు. అది మెకానిక్ పని.