బండి గట్టిదే... మరి లోపలున్న మనం?

"కారు కొంటున్నాం రా" అని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో మెట్రోలో వేలాడుతున్నాను. ఎగిరి గంతేద్దామనుకునేలోపే ఇంకో మాట అన్నాడు.

"బొలెరో."

అంతే, నా మొహం వాడిపోయింది. సన్‌రూఫ్ ఉన్నవి, పెద్ద స్క్రీన్ ఉన్నవి అంటూ మూడు నెలలుగా రీల్స్‌లో సేవ్ చేసుకున్న బండ్లన్నీ కళ్ల ముందు ఒక్కసారి తిరిగి మాయమైపోయాయి. "నాన్నా, అది పోలీసుల బండిలా ఉంటుంది" అన్నాను. "అందుకే కొంటున్నాను. వాళ్లు ఎక్కడికి వెళ్లాలన్నా వెళ్తున్నారుగా" అన్నాడు.

మాది నర్సీపట్నం. నాన్నది అల్లం, పసుపు, మిరియాల వ్యాపారం. వారానికి రెండు మూడు రోజులు ఘాట్ ఎక్కి చింతపల్లి, పాడేరు వైపు సంతలకు వెళ్లాలి. సరుకు చూసి, బేరం కుదుర్చుకుని, ఒకట్రెండు బస్తాలు వెంట తెచ్చుకుంటాడు. పెద్ద లోడు వ్యానులో వస్తుంది. ఇన్నాళ్లూ అద్దె బండే. ఇంట్లో అమ్మ, నానమ్మ ఉన్నారు. సెలవులొస్తే అక్క, బావ, వాళ్ల ఇద్దరు పిల్లలు దిగుతారు. నాన్న లెక్క సింపుల్: "వారమంతా పనికి, ఆదివారం మనుషులకి. ఏడుగురు పడతారు."

"రెండు వారాలు టైమివ్వు. రీల్స్ వద్దు, షోరూమ్ మాటలూ వద్దు. వాడేవాళ్లనే అడుగుదాం" అన్నాను. నాన్న సరే అన్నాడు. నేను గెలుస్తాననే అనుకున్నాను.

పాతికేళ్లుగా అదే మొహం

ముందు ఈ బండి కథ కాస్త చెప్పుకుందాం. బొలెరో 2000లో వచ్చింది. మనలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు, లేదంటే పలక పట్టుకుని బడికెళ్తున్నాం. మన సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచి పేలుతున్న రోజుల్లో, ఇది ఊళ్లల్లో నిశ్శబ్దంగా పని చేసుకుంటూ పోయింది. 2020లో బీఎస్-6 ఇంజిన్ వచ్చింది. ఈమధ్య కొత్తవాటిలో టచ్ స్క్రీన్ కూడా పెట్టారు. డబ్బా ఆకారం మాత్రం మారలేదు.

లోపల ఉన్నది 1.5 లీటర్ల మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. పవర్ సుమారు 75 హార్స్ పవర్, అంటే పెద్ద గొప్పేమీ కాదు. టార్క్ మాత్రం 210 ఎన్‌ఎం. పైగా అది ఇంజిన్ తక్కువ స్పీడులో తిరుగుతున్నప్పుడే అందుతుంది. అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది పరుగు పందెం ఎద్దు కాదు, బండ లాగే ఎద్దు. పవర్ వెళ్లేది వెనక చక్రాలకి. కింద లారీకి ఉన్నట్టు చాసీ ఉంటుంది, దాని మీద బాడీని కూర్చోబెడతారు. వెనక కమాన్ కట్టలు. నేలకీ బండి అడుగుకీ మధ్య 180 మిల్లీమీటర్ల ఖాళీ. పొడవు నాలుగు మీటర్లకి ఐదు మిల్లీమీటర్లు తక్కువ. ఆ ఐదు మిల్లీమీటర్లే పన్ను దగ్గర మనల్ని కాపాడతాయి, ఆ సంగతి తర్వాత.

"ఖాళీ బండిలో కూర్చోకు గురూ"

మొదటి ఓనరు చింతపల్లిలో దొరికాడు. ఆరేళ్లుగా ఇదే బండి. కాఫీ తోట ఉంది, ఊరికి తారురోడ్డు సగం దాకే వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మిగతా సగం చూపించాడు. రాళ్లు, గాళ్లు, మధ్యలో ఒక వాగు. నా తల రెండుసార్లు పైన తగిలింది.

"ఖాళీగా ఉన్నప్పుడు ఇలాగే ఎగురుతాది గురూ. నలుగురు ఎక్కి, రెండు బస్తాలు పడ్డాక చూడు, బుద్ధిగా పోతాది" అన్నాడు.

అది కమాన్ కట్టల గుణం. బరువు మోయడానికి చేసినవి కాబట్టి బరువు లేనప్పుడు బిర్రుగా ఉంటాయి. నడుంనొప్పి ఉన్నవాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో ఈ విషయం తప్పకుండా చూసుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌ని తారురోడ్డు మీద ఐదు నిమిషాల్లో ముగించేస్తే ఇది తెలియదు.

లంబసింగి ఘాట్‌లో ఆయన రెండో గేరులో, తొందర లేకుండా ఎక్కించాడు. ఇంజిన్ గోల పెట్టలేదు. దిగేటప్పుడు ఒక పాఠం చెప్పాడు: "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలేసి కూర్చుంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తాది." ఇది ఏ బండికైనా వర్తిస్తుంది, బరువైన బండికి మరీను.

"మరి బురదలో?" అనడిగాను. ఆయన నవ్వేశాడు. "జీపులా ఉందని జీపనుకోకు. ఇందులో ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. వానాకాలం ఎర్రమట్టిలో వెనక చక్రాలు అక్కడే తిరుగుతాయి, బండి కదలదు. అప్పుడు మావోళ్లే నాకు ఫోర్ వీల్ డ్రైవ్."

స్టూలు లేనిదే అత్తగారు ఎక్కరు

రెండో ఓనరు ఒక టీచరమ్మ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, బడికి ఆవిడే నడుపుకుంటూ వెళ్తారు. "ఎత్తు మీద కూర్చుంటాం కదా, బానెట్ చివర దాకా కనబడుతుంది. బండి చతురస్రంగా ఉంటుంది కాబట్టి సన్న రోడ్డులో ఎదురుగా బస్సు వచ్చినా ఎంత పక్కకి తీయాలో అంచనా దొరుకుతుంది. నేను నేర్చుకున్నదే దీని మీద" అన్నారు.

కంప్లైంట్లు? వెంటనే వచ్చాయి. "చీరతో ఎక్కడం కష్టం. మా అత్తగారి కోసం ప్లాస్టిక్ స్టూలు ఒకటి బండిలోనే ఉంటుంది. లోపల చప్పుడు ఎక్కువ. ఘాట్‌లో వెనక కూర్చున్న పిల్లలు ప్రతిసారీ వాంతులు చేసుకుంటారు."

వెనక సీట్లు అడ్డంగా, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. బండి ముందుకి వెళ్తుంటే అక్కడున్నవాళ్లు పక్కకి వెళ్తున్నట్టు ఉంటుంది. మలుపుల్లో కడుపు తిప్పకపోతే ఆశ్చర్యపోవాలి. ఆ మాట నోట్ చేసుకున్నాను గానీ, అప్పటికి దాని బరువు నాకు తెలియలేదు.

అమ్మేసినవాడి మాట

పొగిడేవాళ్లని అడిగితే సరిపోదు, అమ్మేసినవాళ్లనీ అడగాలి. విశాఖలో ఉంటున్న నా ఇంటర్ ఫ్రెండ్ రెండేళ్లు వాడి అమ్మేశాడు. వాడు రోజూ హైవే మీదే తిరగాలి.

"ఎనభై దాటాక లోపల మాట్లాడుకోవాలంటే అరవాలి. లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ముందే ప్లాన్ వేసుకోవాలి. ఎత్తు బండి కదా, మలుపులో స్పీడుగా తిప్పితే ఒరిగిపోతున్నట్టుంటుంది. నీ రోడ్డు ఊళ్లోదైతే కొను, హైవేదైతే వద్దు. నేను కొన్నప్పుడు తప్పు చేశాను. అమ్మినప్పుడు మాత్రం మంచి రేటు వచ్చింది" అన్నాడు.

నేను విన్నవాటిలో సూటిగా ఉన్న సలహా ఇదే. బండి మంచిదా కాదా అని కాదు, నీ రోడ్డు ఏది అనేది ప్రశ్న.

మెకానిక్ చెప్పిన లిస్టు

మా ఊళ్లో మెకానిక్ బాబాయ్‌కి ఈ బండ్లు కళ్లు మూసుకుని విప్పడం వచ్చు. "స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. పాతవైతే చెట్టు కింద కూడా బాగు చేసేస్తాను. కొత్త బీఎస్-6 వాటికి సెన్సార్లు ఎక్కువ. పానా ఒక్కటీ చాలదు, స్కానర్ కావాలి" అన్నాడు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ బండ్లని రోజూ రెండు కిలోమీటర్లే తిప్పుతూ ఉంటే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది. అప్పుడప్పుడూ దూరం నడపాలి. పాలప్యాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్లడానికి డీజిల్ బండి అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఆయన చెప్పినవి, నేను వెతికి తెలుసుకున్నవి కలిపి ఇవిగో:

• బండిని లిఫ్ట్ మీద ఎక్కించి చాసీ చూడండి. బురదలో తిరిగిన బండికి తుప్పు కిందనుంచే మొదలవుతుంది. వెల్డింగ్ అతుకులు కనబడితే కారణం అడగండి.

• కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ ఉందేమో చూడండి. బండి వెనకనుంచి చూస్తే ఒక పక్కకి వాలి ఉండకూడదు.

• తయారైన నెల, సంవత్సరం చూడండి. కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. ముందు సీట్లు రెండిటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. అంతకుముందు బండి చవగ్గా వస్తోందంటే అందులో ఏం లేదో ముందు తెలుసుకోండి.

• ఖాళీగా ఒకసారి, మనుషులతో ఒకసారి నడిపి చూడండి.

ఒకే ప్రశ్న, ఒకే జవాబు

రెండో వారంలో నాకో అలవాటైంది. చివర్లో అందరినీ ఒకే ప్రశ్న అడగడం. "ఆ వెనక అడ్డం సీట్లలో ఎవరు కూర్చుంటారు?"

తోట ఓనరు: "ఇంకెవరు, పిల్లలే." టీచరమ్మ: "పిల్లలు." విశాఖ ఫ్రెండ్: "చెల్లి పిల్లలు." మెకానిక్ బాబాయ్: "పెద్దోళ్లు పట్టరు కదా, పిల్లలే పడతారు."

ఆ రాత్రి బాబాయ్ షెడ్డులో ఉన్న బండి వెనక తలుపు తీసి, నేనే ఎక్కి కూర్చున్నాను. సీటు బెల్టు కోసం చెయ్యి వెతికింది. లేదు. ముందు సీటుకి ఉంది, మధ్య వరుసకి ఉంది, ఇక్కడ లేదు. మోకాళ్లకి ఎదురుగా ఇంకో సీటు, భుజానికి ఆనుకుని వెనక తలుపు.

బండి యాభై స్పీడులో వెళ్తూ దేన్నో గుద్ది ఆగిపోయిందనుకోండి. బండి ఆగుతుంది, లోపలున్న ఒళ్లు ఆగదు. అదే యాభైలో ముందుకి పోతుంది. దాన్ని పట్టుకునేది బెల్టు ఒక్కటే. అడ్డంగా కూర్చున్న పిల్లాడికి బెల్టూ లేదు, ఎయిర్‌బ్యాగూ లేదు. వెనకనుంచి లారీ తగిలితే మొదట నలిగే చోటు కూడా అదే.

"అంత ఇనుము ఉంది, దానికేమవుద్దిరా" అనేది నాన్న ఎప్పుడూ చెప్పే మాట. మనందరి ఇళ్లల్లోనూ వినే మాటే. కానీ ఇనుము గట్టిగా ఉంటే దెబ్బ తగలదని కాదు. ముందు భాగం ఒక లెక్క ప్రకారం నలిగి దెబ్బని తాను మింగితేనే లోపలికి తక్కువ వస్తుంది. బంపర్‌కి గీత పడకుండా బయటపడిన బండిలో మనిషి పక్కటెముకలు విరగొచ్చు. గతుకుని తట్టుకోవడం ఒక పరీక్ష, గుద్దుడుని తట్టుకోవడం ఇంకో పరీక్ష. ఇదే కుటుంబంలోని బొలెరో నియోకి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదుకి ఒక్క స్టారే వచ్చింది. అదీ చాసీ మీద కట్టిన బండే.

నాన్నతో పంచాయితీ

ఇంటికెళ్లి ఇదంతా చెప్పాను. నాన్న కోప్పడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "మరేం కొనమంటావు? ఆ తోట రోడ్డులో నీ సన్‌రూఫ్ కారు ఎన్నాళ్లుంటుంది?" అన్నాడు చివరికి.

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. ఆ రోడ్డు నేనూ చూశాను. ఈ ధరలో, ఈ రోడ్డుకి, ఊరి మెకానిక్ చేతికి అందే బండ్లు చాలా తక్కువ. పైగా నాలుగు మీటర్లలోపు పొడవు, 1500 సీసీలోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్ల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 31 శాతం కాస్తా 18 శాతానికి దిగింది. ఆ ఐదు మిల్లీమీటర్ల మహిమ ఇదే. నాన్న పుస్తకంలో ఆ లెక్క అప్పటికే వేసి ఉంది.

రెండు వారాల కిందట నేను గెలవాలనుకున్నాను. ఇప్పుడు గెలుపు నాకు ముఖ్యం కాదు. "కొందాం. కానీ ఇది ఏడుగురి బండి కాదు, ఐదుగురి బండి. దానికి ఒప్పుకుంటేనే" అన్నాను.

"మరి పండక్కి అందరూ వస్తే?"

"రెండు ట్రిప్పులు వేద్దాం. లేదా ఆటో పిలుద్దాం."

నాన్న ఏమీ అనలేదు. లేచి వెళ్లి నీళ్లు తాగాడు.

బండి వచ్చింది, తెల్ల రంగు. నిమ్మకాయలు తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం. అక్క పిల్లలిద్దరూ పరుగెత్తుకుంటూ వెళ్లి వెనక తలుపు లాగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న అడ్డం వెళ్లాడు. సీట్లు రెండూ అప్పటికే పైకి మడిచేసి ఉన్నాయి. మధ్యలో అల్లం బస్తా ఒకటి, కదలకుండా తాడుతో కట్టి ఉంది.

"ఇది అల్లం సీటు. మీ సీటు మధ్యలో ఉంది. బెల్టు పెట్టుకున్నాకే బండి కదుల్తాది" అన్నాడు.

పెద్దోడు మూతి ముడుచుకుని మధ్యలో ఎక్కాడు. క్లిక్‌మని చప్పుడయ్యింది. అద్దంలోంచి నాన్న నావైపు చూసి, "నీది?" అన్నాడు.

నేను పెట్టుకోలేదు. పెట్టుకున్నాను.