రేగు బెరడు - కణ మరణం

భోగినాడు పసిపిల్లల తలలపై రేగుపండ్లు పోసి ఆశీర్వదించడం మన ఆచారం. పండు సంగతి అందరమూ ఎరుగుదుము. బెరడు వైపు మన చూపు అంతగా పోదు. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆ బెరడు నుండి బెట్యులినిక్ ఆమ్లాన్ని వేరుచేసి, అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలను చంపగలదని 1995లో వెల్లడించారు.

మెలనోమా చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టి, ఇతర అవయవాలకు పాకే వ్యాధి.

ఆరోగ్యకరమైన కణం అవసరం తీరినప్పుడు తనంత తానుగా మరణిస్తుంది. ఈ మరణానికి 1972లో శాస్త్రజ్ఞులు ‘అపోప్టోసిస్’ అని పేరుపెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఆకులు రాలడమని అర్థం. ఎంత చక్కని పేరు! క్యాన్సర్ కణం రాలడానికి ఒప్పుకోని ఆకు. బెట్యులినిక్ ఆమ్లం ఆ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల పొరను దెబ్బతీస్తుంది. పొర సడలగానే సైటోక్రోమ్-సి అనే ప్రోటీను వెలికి వస్తుంది. దానితో కేస్పేజులనే ఎంజైములు మేల్కొని, కణాన్ని లోపలినుండే ఖండిస్తాయి. ఆ శకలాలను పొరుగు కణాలు మింగివేస్తాయి.

మానవ మెలనోమా కణితులను మోస్తున్న ఎలుకలకు ఈ ఆమ్లాన్ని ఇవ్వగా కణితుల పెరుగుదల ఆగింది, విషలక్షణాలు కనబడలేదు. అయితే ఎలుకలో సాధించినది మనిషిలో ఇంకా ఋజువు కాలేదు. రేగు బెరడు కషాయం తాగితే క్యాన్సర్ నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మరాదు. ఈ ఆమ్లం నీటిలో సరిగా కరగదు. రక్తంలో తగినంతగా చేరదు. అందుకే రసాయన శాస్త్రజ్ఞులు దాని అణునిర్మాణాన్ని మార్చి, కరిగే రూపాలకోసం అన్వేషిస్తున్నారు.